ఢిల్లీ జిన్నులూ, ఒక రాయని నవలా



ఇంగ్లీషు నవలల్లో ఈ పది పదిహేనేళ్ళలో ఒక రకం బాగా పెరిగింది. కథాకాలం వందేళ్ళో నూటయాభై ఏళ్ళో వెనక్కి ఉంటుంది. ప్రేమించుకునే ఇద్దరూ మగవాళ్ళే. వాళ్ళ చుట్టూ మంత్రాలు, చేతబళ్ళు, చచ్చినా ఇల్లు వదలని ఆత్మలు. కె. జె. ఛార్లెస్ అనే బ్రిటిష్ రచయిత్రి 2013లో 'ది మాగ్‌పై లార్డ్' రాశారు. షాంఘైలో ఏళ్ళ తరబడి బతికి ఇంగ్లండుకి తిరిగొచ్చిన ఒక ప్రభువు మీద ఎవరో ప్రయోగం చేస్తారు. విరుగుడు చేయడానికి వచ్చిన మాంత్రికుడికి ఆ కుటుంబం పేరెత్తితేనే మంట. ఆ తర్వాత ఏమవుతుందో మీరు ఊహించుకోగలరు. అంతకు ఏడాది ముందు అమెరికాలో జోర్డన్ ఎల్. హాక్ 'విడ్డర్‌షిన్స్' అనే నవలతో ఇలాంటిదే ఒక పెద్ద వరస మొదలుపెట్టారు.

మంత్రతంత్రాలు మనకి కొత్త కావు. చందమామలో బేతాళుణ్ణి భుజాన మోసిన పిల్లలం మనం. యండమూరి 'తులసిదళం' చదివి రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి తోడు అడిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. మగవాడూ మగవాడూ ప్రేమించుకోవడం దగ్గరే మన నవల కాస్త తటపటాయిస్తుంది. అయినా ఎవరో ఒకరు రాస్తారు, ఎప్పుడో ఒకప్పుడు. అలా రాయడానికి కూర్చున్నవారికి ఢిల్లీలో సరుకు ఎక్కడెక్కడ ఉందో, దానిలో దేన్ని వాడుకోవాలో, దేన్ని చూసి జాగ్రత్తపడాలో చెబుదామని ఈ పదిహేను నిమిషాలు తీసుకున్నాను.

ముందు మెహ్రౌలీ వెళదాం. కుతుబ్ మినార్‌కి దక్షిణంగా, తుమ్మచెట్ల మధ్య, పాత కట్టడాలు చెల్లాచెదురుగా పడి ఉన్న పెద్ద తోట ఒకటి ఉంది. పురావస్తు ఉద్యానం అంటారు. అందులో బల్బన్ సమాధి దాటి కొంచెం నడిస్తే ఎర్రరాయితో ఒక మసీదు, దాన్ని ఆనుకుని గోడకట్టిన చిన్న ఆవరణ, ఆ ఆవరణలో చదరంగా ఒక గది వస్తాయి. గదికి గుమ్మటం లేదు, చదునైన పైకప్పే. బయటినుంచి చూస్తే ధాన్యం కొట్టు అనుకుని పక్కకి వెళ్ళిపోతాం. లోపలికి అడుగుపెట్టాక తల ఎత్తితే అర్థమవుతుంది. కప్పు నిండా గచ్చు మీద ఎరుపూ నీలమూ కలిపిన నగిషీ. గోడల మీద నీలి పలకలు, పైఅంచున పారసీ పద్యాలు. కింద తెల్ల చలువరాతి సమాధులు రెండు, పక్కపక్కన, మధ్యలో మనిషి పట్టేంత సందు.

ఒకటి జమాలీది. రెండోది కమాలీది.

జమాలీ గురించి కావలసినంత తెలుసు. అసలు పేరు షేక్ ఫజ్లుల్లా. కవి, సూఫీ. సికందర్ లోడీ దర్బారులో పెద్దపీట వేసుకున్నవాడు. సుల్తాను తను రాసుకున్న పద్యాలు ఈయనకే చూపించి దిద్దించుకునేవాడని చెబుతారు. దేశాలు తిరిగి హెరాత్ వెళ్ళి, అక్కడి మహాకవి జామీని కలిసివచ్చాడు. సూఫీ గురువుల జీవితాలు రాశాడు, 'మిహ్ర్ ఓ మాహ్' అని ఒక ప్రేమకావ్యమూ రాశాడు. 1526లో పానిపట్టులో లోడీలు పోయి బాబరు వచ్చినా ఈయన స్థానం కదల్లేదు. తర్వాత హుమాయూన్ వెంట గుజరాత్ దండయాత్రకి వెళ్ళి, 1535 ప్రాంతంలో అక్కడే కన్నుమూశాడు. ఢిల్లీకి తెచ్చి ఈ గదిలో పడుకోబెట్టారు. కొడుకు షేక్ గదాయీ అక్బరు తొలినాళ్ళలో, బైరాంఖాను హయాంలో, మతవ్యవహారాల పెద్ద పదవి చేశాడు. ఇంత చరిత్ర ఉంది.

కమాలీ గురించి ఏమీ లేదు. ఒక్క ముక్క లేదు. తమ్ముడన్నారు, శిష్యుడన్నారు, సేవకుడన్నారు, సాటి కవి అన్నారు. భార్య అన్నవాళ్ళూ ఉన్నారు. అయితే ఆ కాలంలో మగవాడి సమాధి మీద కలందాను గుర్తు, అంటే కలం పెట్టె ఆకారం, చెక్కడం రివాజు. కమాలీ సమాధి మీద ఉన్నది ఆ గుర్తేనని, కాబట్టి మగవాడేనని చూసినవాళ్ళు చెబుతారు. మరి అంత పేరున్న షేకు, పెళ్ళాం పిల్లలు ఉన్న మనిషి, తన కోసం కట్టించుకున్న గదిలో తన పక్కన ఈ ఊరూ పేరూ తెలియని మగవాణ్ణి ఎందుకు ఉంచినట్టు? ఢిల్లీ జనం దీనికి రెండు జవాబులు తయారుచేసుకున్నారు. ఒకటి, వాళ్ళిద్దరూ ప్రేమికులు. రెండు, అక్కడ జిన్నులున్నాయి. సాయంత్రం దాటాక అక్కడ కాలుపెడితే కనబడని చెయ్యి చెంప మీద కొడుతుందట. ఎవరో మెడ మీద ఊపిరి వదులుతారట. ఒక్కోసారి వెలుగు కనబడుతుందట. ఈ రెండు కథలూ మనిషి ఎముకలంతైనా గట్టివి కావు. ఐదువందల ఏళ్ళ నాటి సాక్ష్యం దేనికీ లేదు. కానీ రెండూ ఒకే చోట పుట్టాయన్నది నాకు ఆసక్తి. కాగితాలు నోరుమూసుకున్న చోట మనుషులు ప్రేమనన్నా పెడతారు, దయ్యాన్నన్నా పెడతారు. ఇక్కడ రెండూ పెట్టారు.

ఈ గదిని చూసి అమెరికన్ కవయిత్రి కారెన్ ఛేజ్ ఏకంగా ఒక పుస్తకమంత దీర్ఘకావ్యం రాశారు. 2011లో అహ్మదాబాద్‌లో మాపిన్ వాళ్ళు వేశారు. జమాలీ కమాలీల ప్రేమ, ఎడబాటు, చావు అన్నీ ఊహించి రాసింది. అది చరిత్ర అని ఆవిడ అనలేదు, కావ్యమనే అన్నారు. మన నవలాకారుడు పాటించాల్సిన మర్యాద కూడా అదే. జమాలీ కమాలీలు ప్రేమికులని పీఠికలో రాసి ముద్ర వేయనక్కర్లేదు. కారని చెప్పి ముద్ర వేసే హక్కూ ఎవరికీ లేదు.

ఇక జిన్నుల సంగతి. మన దయ్యానికీ ఢిల్లీ జిన్నుకీ తేడా ఉంది, రాసేవారు ఇది పట్టుకోకపోతే నవల పాడవుతుంది. మన దయ్యం చింతచెట్టు మీద ఉంటుంది, నుయ్యి గట్టు మీద ఉంటుంది, తీరని కోరికతో చచ్చిన మనిషి అది. జిన్ను ఎప్పుడూ మనిషి కాదు. పొగలేని మంటతో పుట్టిందని ఖురాన్ చెబుతుంది. నమాజు చేసే జిన్నులున్నాయి, చెడ్డవీ ఉన్నాయి, పెళ్ళిళ్ళు, పిల్లలు, తగువులు అన్నీ ఉన్నాయి. ఆయుష్షు మాత్రం వందల ఏళ్ళు. మన ఊళ్ళలోనూ గాలి సోకిందని గురువారం దర్గాకి తీసుకెళ్ళే అలవాటు ఉంది కాబట్టి ఇది పూర్తిగా పరాయి సంగతి అనుకోకండి.

జిన్నుల్ని దగ్గరగా చూడాలంటే ఫిరోజ్‌షా కోట్లాకి వెళ్ళాలి. క్రికెట్ మైదానం గోడ పక్కనే ఉంది. 1354లో ఫిరోజ్‌షా తుగ్లక్ కట్టించిన కోట అది. టోప్రా నుంచి తెప్పించిన అశోకుడి స్తంభం పైన నిలబడి ఉంటుంది, కింద చీకటి గదులు. గురువారం మధ్యాహ్నం నుంచి జనం వస్తారు. హిందువులూ ముస్లిములూ అందరూ. గూళ్ళలో దీపాల మసి, గులాబీ రేకులు, అగరొత్తుల బూడిద. ఆ గూళ్ళలో, కటకటాల సందుల్లో కాగితాలు కుక్కి ఉంటాయి. అవి జిన్నులకి రాసిన అర్జీలు. పూర్తి చిరునామా, పాస్‌పోర్టు సైజు ఫొటో, కోరిక. ఉద్యోగం, కోర్టు కేసు, మొగుడి తాగుడు, ఇంట్లో ఒప్పుకోని ప్రేమ. ఒకే అర్జీని జిరాక్స్ తీసి ఒక్కో గూట్లో ఒక్కో నకలు పెడతారు, ఒక్కో శాఖకి ఒక్కో ప్రతి పంపినట్టు. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్న విద్యని జిన్నుల దగ్గర వాడుతున్నారన్నమాట.

ఆనంద్ వివేక్ తనేజా అనే పండితుడు ఈ కోట మీద ఏళ్ళపాటు పనిచేసి 2017లో 'జిన్నియాలజీ' అనే పుస్తకం రాశారు. ఇక్కడికి జనం ఇలా రావడం ఎమర్జెన్సీ ఎత్తేసిన 1977 తర్వాత మొదలైందని ఆయన చెబుతారు. అంటే ఎమర్జెన్సీలో పాత ఢిల్లీ తుర్క్‌మన్ గేటు దగ్గర ఇళ్ళు కూల్చిన ఏడాదికి. పాత కోటలో దయ్యాలు పాతవే అని మనం అనుకుంటాం. ఈ జిన్నుల కొలువు వయసు నా తరం వాళ్ళ వయసంతే. ఇల్లు పోగొట్టుకున్న ఊరు, వినే నాథుడు కావాలనుకున్న ఊరు, పాడుబడ్డ చోట ఒక అధికారిని నియమించుకుంది. భయపెట్టే దయ్యాన్ని కాదు ఢిల్లీ తయారుచేసుకున్నది, ఫిర్యాదు తీసుకునే దాన్ని. మగవాణ్ణి ప్రేమించిన ఒక మగవాడు పెళ్ళి చూపుల ముందురోజు ఆ గూట్లో అర్జీ పెట్టాడనుకోండి. ఆ కాగితం అందుకున్న జిన్ను ఐదువందల ఏళ్ళ నుంచి బతికున్నదనుకోండి. కమాలీ ఎవరో దానికి తెలుసనుకోండి. ఒక నవలకి మొదటి అధ్యాయం దొరికినట్టే.

మాటలో మాట, ఈ ఫిరోజ్‌షాకి వజీరు ఎవరనుకున్నారు? మన తెలుగువాడు. 1323లో ఓరుగల్లు పడిపోయినప్పుడు పట్టుబడి ఢిల్లీకి వచ్చిన కాకతీయ సేనానాయకుడు. మతం మారి మలిక్ మక్బూల్ అయ్యాడు, తర్వాత ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ అయ్యాడు. నిజాముద్దీన్‌లో ఎనిమిది పలకల సమాధి ఉంది ఆయనకి. రాజ్యమంతా నడిపిన ఈ వజీరుకి చదవడం రాయడం రాదని ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. ఆయన సుల్తాను కోటలోనే ఇవాళ ఇన్ని కాగితాలు!

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట దగ్గరికి వస్తాను. సర్మద్, అభయ్‌చంద్. జమాలీ కమాలీలది ఊహ. వీళ్ళ మధ్య అనుబంధం ఆనాడే కాగితం మీదికెక్కింది.

సర్మద్ పర్షియాలో కాషాన్ నుంచి వచ్చిన యూదు వర్తకుడు, తర్వాత ఇస్లాంలోకి వచ్చినవాడు. సింధులోని ఠట్టా రేవులో సరుకు దించి, అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ వర్తకుడి కొడుకుని చూసి మనసు పారేసుకున్నాడు. వ్యాపారం వదిలేశాడు, బట్టలూ వదిలేశాడు. అభయ్‌చంద్ అతని దగ్గర శిష్యుడయ్యాడు. ఇద్దరూ లాహోరు వెళ్ళారు. అక్కణ్ణించి ఎక్కడికి? హైదరాబాదుకి. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలోని హైదరాబాదుకి, చార్మినార్‌కి అప్పటికి ఇంకా అరవై ఏళ్ళు నిండలేదు. 1647లో వాళ్ళని అక్కడ కలిసినట్టు 'దబిస్తాన్-ఎ-మజాహిబ్' అనే పారసీ గ్రంథం రాసినాయన చెప్పుకున్నాడు. లోకంలోని మతాలన్నిటినీ వరసపెట్టి చెప్పే పుస్తకం అది. యూదు మతం గురించిన భాగానికి ఆయనకి సమాచారం అందింది వీళ్ళ నుంచే. అభయ్‌చంద్ సర్మద్ దగ్గర హీబ్రూ నేర్చుకుని, తోరాలో ఆదికాండం మొదటి అధ్యాయాల్ని పారసీలోకి తెచ్చాడు. ఆ అనువాదం దబిస్తాన్‌లో ఇవాళ్టికీ ఉంది.

ఇక్కడ కొంచెంసేపు ఆగాలి. ఠట్టాలో మొదలైన కథని మొదటినుంచీ రాస్తే రచయిత ఇబ్బందిలో పడతారు. అప్పటికి అభయ్‌చంద్ చాలా చిన్నవాడు, ఇంకొకడు దేశాలు చూసిన వర్తకుడు. ఆ కాలపు కవిత్వం దాన్ని అందంగా చెబుతుంది కానీ ఈ కాలపు పాఠకుడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. అందుకని నా ఓటు హైదరాబాదుకి. పదిహేనేళ్ళు గడిచాక, అభయ్‌చంద్ మీసాలు వచ్చిన పండితుడై, తన పేరు మీద పని చేస్తున్నప్పటి నుంచి నవల మొదలవ్వాలి. అప్పుడు ప్రేమ కథ మొదలైనా ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒక గదిలో ఇద్దరు. మధ్యలో ఒక హీబ్రూ వాక్యం. సృష్టి మొదట్లో నీళ్ళ మీద కదిలింది గాలా, ఆత్మా? ఒకరు ఒకటంటారు, ఒకరు ఇంకొకటంటారు. మధ్యాహ్నం దాటుతుంది, అన్నం చల్లారిపోతుంది. బయట వజ్రాల బేరగాళ్ళ గోల. ఇది నా ఊహ, చరిత్రలో లేదు. కానీ నవలలో కావలసింది సరిగ్గా ఇదే.

ఎందుకంటే పాతకథలు మనకి ఇచ్చినవన్నీ చావులే. సమాధి, తెగిన తల, రాత్రి వెలుగు. వీళ్ళు పొద్దున లేచి ఏం చేసేవాళ్ళు, అద్దె ఎవరు కట్టేవాళ్ళు, కోపమొస్తే ఎవరు ముందు మాట్లాడేవాళ్ళు అన్నది ఏ కథా చెప్పదు. దయ్యాన్ని ఢిల్లీ ఇస్తుంది, ప్రేమని దబిస్తాన్ ఇస్తుంది. మామూలు రోజుల్ని నవలాకారుడే సమకూర్చాలి. ఈ రకం ఇంగ్లీషు నవలల్లో నాకు నచ్చే సంగతి కూడా అదే. మంత్రాల హోరు మధ్య ఇద్దరు మనుషులు టీ చల్లారిపోతోందని గొడవపడతారు.

హైదరాబాదు అనగానే నాకు ఇంకో మనిషి గుర్తుకొస్తాడు. క్షేత్రయ్య. మువ్వగోపాలుడి పదాలు పాడిన క్షేత్రయ్య ఆ కుతుబ్‌షాహీల గోల్కొండకి వచ్చి పదాలు చెప్పాడని ఆయన పదమే సాక్ష్యం చెబుతుంది. అది కూడా ఈ అబ్దుల్లా కాలమేనంటారు. ఒక మగవాడు ఆడదాని గొంతు పెట్టుకుని మగదేవుణ్ణి పిలుస్తాడు, అలుగుతాడు, తలుపు మూస్తాడు. మనం శతాబ్దాలుగా అది విని తల ఊపుతున్నాం. అదే ఊళ్ళో, అటూ ఇటూగా అదే కాలంలో, ఇంకొక మగవాడు, సర్మద్, ఆడగొంతు అరువు తెచ్చుకోకుండా మగవాడిగానే మగవాడి మీద రుబాయీలు కట్టాడు. ఇద్దరూ గోల్కొండ సందుల్లో ఎదురుపడ్డారో లేదో చరిత్రకి పట్టదు. నవలకి పట్టాలి.

ఇక అక్కణ్ణించి ఢిల్లీ. మొగలు యువరాజు దారా షికో సర్మద్‌ని చేరదీశాడు. ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ ఢిల్లీ వీధుల్లో దిగంబరంగా తిరిగే ఈ ఫకీరుని చూసి రాశాడు. 1659లో దారా తల పోయింది. తమ్ముడు ఔరంగజేబు సింహాసనం మీద కుదురుకున్నాక సర్మద్ మీదికి వచ్చారు. బట్టలు లేకపోవడం ఒక్కటే తప్పు అయితే చంపేవాళ్ళు కాదేమో. ఇస్లాం విశ్వాసవాక్యం కలిమా చదవమన్నారు. దేవుడు లేడు అన్న మొదటి సగం చదివి ఆగిపోయాడు. మిగతా సగం, అల్లాహ్ తప్ప అన్నది, నాకు ఇంకా అనుభవంలోకి రాలేదు, రాని మాట ఎలా అనమంటారు అన్నాడట. 1661 ప్రాంతంలో తల నరికారు.

మిగతాది ఢిల్లీ చెబుతుంది. తెగిన తలని మొండెమే చేతుల్లోకి తీసుకుని జామా మసీదు మెట్లు ఎక్కసాగింది. తల అప్పటికీ ఏదో చదువుతూనే ఉంది. అప్పుడు గురువు హరేభరే షా సమాధిలోంచి, చాలు ఆగు అన్న కేక వినబడింది. సర్మద్ తిరిగొచ్చి గురువు పక్కనే పడుకున్నాడు. జామా మసీదు తూర్పు ద్వారం ఎదురుగా వెళితే ఇప్పటికీ రెండు దర్గాలు పక్కపక్కన ఉంటాయి. హరేభరే షాది పచ్చరంగు, సర్మద్‌ది ఎర్రరంగు. మౌలానా ఆజాద్ కుర్రతనంలో సర్మద్ మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. ఆయన్నీ ఆ చుట్టుపక్కలే సమాధి చేశారు.

ఈ కథలో తల ఉంది, మొండెం ఉంది, చక్రవర్తి ఉన్నాడు, గురువు ఉన్నాడు. అభయ్‌చంద్ లేడు. ఆ రోజు ఆ మెట్ల కింద జనంలో అతను నిలబడి ఉండాలి కదా! ఢిల్లీ కథకులకి అతను అక్కర్లేకపోయాడు, మన తెలుగు నవలకి అతనే నాయకుడు కావాలి.

ఇలాంటి ప్రేమల్ని వెతికి పెట్టినవారూ ఉన్నారు. సలీం కిద్వాయీ, రూత్ వనితా అని ఇద్దరు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. ఆయన చరిత్ర, ఆవిడ ఇంగ్లీషు. 2000లో ఇద్దరూ కలిసి, భారతదేశంలో ఆడవాళ్ళ మధ్య, మగవాళ్ళ మధ్య ప్రేమల గురించి వేల ఏళ్ళుగా ఉన్న రచనల్ని ఏరి ఒక సంకలనం తెచ్చారు. 'సేమ్ సెక్స్ లవ్ ఇన్ ఇండియా'. సర్మద్ అందులో ఉన్నాడు. కిద్వాయీగారు 2021లో పోయారు. వనితగారు 2020లో లక్నో నేపథ్యంగా ఇద్దరు స్త్రీల ప్రేమ మీద చారిత్రక నవల కూడా రాశారు, 'మెమరీ ఆఫ్ లైట్'. దయ్యాలు ఉండవు కానీ, పాత నగరాన్ని నవలలోకి ఎలా తేవాలో చూడ్డానికి మంచి పుస్తకం.

చట్టం సంగతి చాలామందికి తెలిసిందే. 1860 నాటి శిక్షాస్మృతిలో ఇలాంటి ప్రేమని నేరం చేసిన 377వ సెక్షన్‌ని 2009లో ఢిల్లీ హైకోర్టు కత్తిరించింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ అతికించింది, 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ కత్తిరించింది. ఇన్నాళ్ళ ఆలస్యానికి చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందూ మల్హోత్రా తన తీర్పులో రాశారు. పెళ్ళి హక్కు మాత్రం 2023లో రాలేదు. సుప్రీంకోర్టు నుంచి ఫిరోజ్‌షా కోట్లా జిన్నుల దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు, పెద్ద దూరం కాదు. ఒకచోట తిరస్కరించిన అర్జీ రెండోచోట పెట్టుకునేవాళ్ళు ఉంటారని నా నమ్మకం.

రాయదలచుకున్నవారికి ఒకటి రెండు పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. మెహ్రౌలీకి మెట్రోలో కుతుబ్ మినార్ స్టేషన్‌లో దిగండి. మసీదు తెరిచే ఉంటుంది కానీ సమాధి గదికి చాలాసార్లు తాళం వేసి ఉంటుంది. కావలివాణ్ణి మర్యాదగా అడిగితే తీస్తాడు. చీకటి పడే వేళకి అందర్నీ బయటికి పంపేస్తారు కాబట్టి జిన్నుల కోసం రాత్రి కాపలా కాసే ఆలోచన పెట్టుకోకండి. కోట్లాకి, సర్మద్ దర్గాకి గురువారమే వెళ్ళండి. కోట్లాలో గూట్లో ఉన్న కాగితాలు మాత్రం తీసి చదవకండి, అవి మనకి రాసినవి కావు. దబిస్తాన్‌కి పాత ఇంగ్లీషు అనువాదం ఉంది, పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతుంది. సర్మద్ పేరు వెతికి ఆ పుటలు చదివాక, గోల్కొండ కోట ఒకసారి ఎక్కి దిగండి. మొదటి అధ్యాయం అక్కడే పెట్టండి.